మన పక్షం వీకా... స్ట్రాంగా?

పులిజూదంలో పైచేయి ఎవరిది? పులిదా, మేకలదా? తాతయ్యనడిగితే ఒకమాట, మనవడినడిగితే ఇంకోమాట. కంప్యూటర్‌లో రాజ్యాలేలే పిల్లలదీ రోజూ ఇదే తగువు. 'నా సైన్యం వీకు... అందుకే ఓడిపోయా' అని ఒకడు, 'కాదు, నీకు ఆడటం రాదు' అని మరొకడు. నిజమెవరిదో తేల్చడం ఎలా?

గుడి అరుగు మీదో, రచ్చబండ మీదో చెక్కిన త్రిభుజాకారపు గీతలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు, 23 గడులు. పులి మేకమీద నుంచి దూకి దాన్ని తినేస్తుంది. మేక ఎవరినీ తినలేదు సరికదా, పదిహేనూ దిగేదాకా ఉన్నచోటు నుంచి కదలనైనా కదలకూడదు. కాగితమ్మీద ఈ రూల్సు చదివిన ఎవరైనా 'ఇదేం ఆట? మేకలు బలి కావడానికేగా' అంటారు. కొత్తగా ఆడేవాళ్ల విషయంలో అది నిజం కూడా. చేయి తిరిగినవాడికి మేకలిచ్చి చూడండి... అంచుల నుంచి ఒక్కోటీ పేర్చుకుంటూ వచ్చి మూడు పులుల్నీ మూలకి నెట్టి కట్టిపడేస్తాడు. రూల్సు మారలేదు, పావులూ మారలేదు. మారింది ఆడే చేయి ఒక్కటే.

చదరంగంలో ఈ పేచీ లేదు. ఇద్దరికీ అవే పదహారు పావులు. తెల్లపావుల వాడు ముందు ఎత్తు వేస్తాడనే చిన్న తేడా తప్ప. పులిజూదంలా రెండువైపులా వేరువేరు శక్తులు ఇచ్చి, 'ఇద్దరికీ గెలిచే అవకాశం సమానంగా ఉండాలి' అంటేనే అసలు చిక్కు. ఇక రెండు పక్షాలు కాదు, పదుల సంఖ్యలో పక్షాలుంటే? ప్రతిదానికీ సొంత విద్యలూ సొంత లోపాలూ ఉంటే?

అలాంటి ఆటే 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2'.

తోపుడుబండి మహిమ

అమెరికాలోని డల్లాస్‌లో ఉండే ఎన్సెంబుల్ స్టూడియోస్ తయారుచేయగా 1999లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఆట ఇది. ఒకప్పుడు మన నెట్ సెంటర్లలోనూ, ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలోనూ తెల్లవార్లూ ఆడిన తరం ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులైంది. చూడనివాళ్ల కోసం రెండుముక్కల్లో... చేతిలో కొద్దిమంది పనివాళ్లుంటారు. వాళ్లతో కలప కొట్టించాలి, పంటలు పండించాలి, బంగారం, రాయి తవ్వించాలి. ఇళ్లూ కోటలూ కట్టాలి. సైన్యాన్ని తయారుచేసి ఎదుటివాడి రాజ్యాన్ని పడగొట్టాలి. చీకటియుగంతో మొదలై ఫ్యూడల్, క్యాజిల్, ఇంపీరియల్ అంటూ నాలుగు యుగాలు దాటాలి. ఒక్కో యుగానికీ ఖర్చుంటుంది, సమయమూ పడుతుంది.

ఆట మొదట్లో పదమూడు పక్షాలుండేవి. బ్రిటన్లు, ఫ్రాంకులు, గోత్‌లు, చైనీయులు, మంగోలులు, వైకింగ్‌లు... ఇలా. ఏ పక్షం తీసుకున్నా ఆట ఒకటే కానీ ఒక్కోదానికీ రెండుమూడు ప్రత్యేక వరాలు. వాటితోపాటు కొన్ని ఆయుధాలూ మెరుగులూ 'నీకివి లేవు పో' అనే శాపాలు. ఏ వరం గొప్పది, ఏది ఉత్తుత్తిది అన్న చర్చ పాతికేళ్లు దాటినా తెగలేదు.

కొత్తగా వచ్చినవాళ్లు మామూలుగా చూసేది ఆర్భాటాన్ని. తుర్కులను తీసుకోండి. ఫిరంగులూ తుపాకులూ వాళ్ల సొత్తు. తెరమీద ఢామ్మని పేలుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. వైకింగ్‌ల వరాల్లో ఒకటేమో తోపుడుబండి! అవును, తోపుడుబండే. పనివాళ్లు సరుకు మోసుకొచ్చే వేగాన్నీ మోతనీ పెంచే రెండు మెరుగులున్నాయి... ఒకటి వీల్‌బారో, రెండోది హ్యాండ్‌కార్ట్. మిగతావాళ్లంతా డబ్బుపెట్టి కొనుక్కోవాల్సిన వీటిని వైకింగ్‌లకు ఉచితంగా ఇచ్చారు. ఫిరంగి ముందు తోపుడుబండి ఏపాటి, అనిపిస్తుంది కదూ?

లెక్క వేసి చూద్దాం. మొదటి బండికి 175 ఆహారం, 50 కలప. రెండోదానికి 300 ఆహారం, 200 కలప. మొత్తం 475 ఆహారం, 250 కలప మిగిలాయి. ఇక్కడితో అయిపోలేదు. ఈ రెండింటినీ తయారుచేసేది ఊరి మధ్యలో ఉండే టౌన్‌సెంటర్. మొదటిదానికి 75 సెకన్లు, రెండోదానికి 55... ఆ 130 సెకన్లూ టౌన్‌సెంటర్ వేరే పని చేయలేదు. అదే టౌన్‌సెంటర్ ఒక పనివాణ్ని పుట్టించడానికి పట్టేది 25 సెకన్లు. అంటే ఎదుటివాడు బండ్లు చేయించుకుంటున్న సమయంలో వైకింగ్ ఆటగాడు అయిదుగురు పనివాళ్లను అదనంగా దించేస్తాడు. ఆ అయిదుగురూ ఆట ముగిసేదాకా సంపాదిస్తూనే ఉంటారు. ఇది ఏ మ్యాప్‌లో అయినా, ఎవరిమీద ఆడినా, ప్రతి ఆటలోనూ వచ్చిపడే లాభం. తుర్కుల ఫిరంగి అలా కాదు. అది చేతికొచ్చేది చివరి యుగంలో. అందాకా నిలబడితేగా! పైగా ఈటెవాళ్లలో, బల్లేలు విసిరేవాళ్లలో పైమెట్టు సైనికులు తుర్కులకు దొరకరు. బంగారం అయిపోతే వాళ్ల పని అంతంతే.

హూణుల సంగతి ఇంకా తమాషా. వాళ్లకు ఇళ్లే అక్కర్లేదు. గుర్రాల మీద తిరిగే సంచార జాతి కదా, ఆ చరిత్రనే వరంగా మార్చారు. మిగతావాళ్లు ప్రతి అయిదుగురికీ ఒక ఇల్లు కట్టాలి. జనాభా 200 దాకా పెంచాలంటే, టౌన్‌సెంటర్‌లో పట్టే అయిదుగురు పోగా, కేవలం ఇళ్లతోనే సర్దుకునేవాడు 39 కట్టుకోవాలి. ఇల్లు ఒక్కింటికి 25 కలప చొప్పున 975. ఒక పనివాడు ఒక ఇల్లు కట్టడానికి పట్టేది 25 సెకన్లు. అంటే మరో 975 సెకన్ల పని... పావుగంట దాటిపోయింది. బదులుగా హూణులు వదులుకునేది మొదట్లో 100 కలప. 'ఇల్లు కట్టిచూడు, పెళ్లి చేసిచూడు' అన్న మన పెద్దలకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అయితే ఆ వంద కలప పోయేది ఆటలో అన్నిటికన్నా ఇరుకైన మొదటి నిమిషాల్లోనే. లాభం రూపాయి రూపాయిగా తర్వాతెప్పుడో వస్తుంది. అందుకే హూణులతో మొదలుపెట్టిన కొత్త ఆటగాడు 'వరమన్నారు, ఏదీ?' అని దిక్కులు చూస్తాడు.

చేయి తిరిగినవాళ్లు ఏ వరాన్నయినా ఇలాగే తూకం వేస్తారు. అది ఎంత పెద్దది అని అడగరు. ఎప్పుడు అందుతుంది, ఆటకి ఎన్నిసార్లు పనికొస్తుంది, దానికోసం ఏం వదులుకున్నాం... ఈ మూడూ అడుగుతారు.

మన ఉక్కు... మన గుర్రం

ఇప్పుడు మన ఇంటి విషయానికొద్దాం. ఈ ఆటలో మొదటి పదమూడేళ్లకు పైగా భారతదేశం అనే పక్షమే లేదు. ఎన్సెంబుల్ 2009లో మూతపడింది. ఆట మీద మమకారంతో అభిమానులే కొందరు కూడి సొంతంగా మెరుగులు దిద్దుతూ పోతే, 2013లో వాళ్ల పనినే అధికారికంగా విడుదల చేశారు. అప్పుడొచ్చారు 'ఇండియన్స్'. ఇంత దేశానికీ ఒకటే పక్షమేంటని చాలామందికి అసంతృప్తి. 2022 ఏప్రిల్లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే అదనపు భాగం వచ్చాక పాతపేరు హిందుస్తానీలుగా మారి, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు కొత్తగా చేరారు. రాజేంద్రచోళుడి దండయాత్రలు ఆడుకునేందుకు ఒక కథా వచ్చింది. తెలుగువాళ్లకు విడిగా కాకతీయులో విజయనగరమో ఇవ్వలేదు కాబట్టి, 'మనవాళ్లు' అనుకోవాలంటే ద్రావిడులతోనే సరిపెట్టుకోవాలి.

ఈ ద్రావిడులకొచ్చిన వరాల్లో ఒకదాని పేరు 'వూట్జ్ స్టీల్'. మన 'ఉక్కు' అన్న మాటే పాశ్చాత్యుల నోట్లో నలిగి వూట్జ్ అయిందని పండితులు చెబుతారు. ఈ ఉక్కుకు మన గడ్డమీద చిరునామా ఉంది. పాత నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. మూసల్లో కరిగించి తీసిన అక్కడి ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారు. దేశాన్ని కొలిచే సర్వేలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ 1820ల్లో ఆ పనిని చూసి రాసిన వివరాలు, ఆయన పోయాక 1832లో అచ్చయ్యాయి. నలుగురూ మెచ్చుకునే డమాస్కస్ కత్తుల వెనక ఉన్నది ఇలాంటి దక్కను ఉక్కే. దాన్ని ఎక్కడో దూరదేశాల కుర్రాళ్లు ఓ కంప్యూటర్ ఆటలో బటన్‌గా పెట్టారంటే ఎవరికైనా ఛాతీ ఓ అంగుళం పెరుగుతుంది.

ఇంతకీ ఆ బటన్ నొక్కితే ఏమవుతుంది? ఈ ఆటలో దెబ్బ లెక్క చాలా సులువు. కొట్టేవాడి దాడి అంకెలోంచి తగిలేవాడి కవచం అంకె తీసేస్తే మిగిలేదే దెబ్బ. ఉక్కు విద్య నేర్చిన ద్రావిడుల కాల్బలం, గుర్రపుదళం కొడితే ఎదుటివాడి కవచం లెక్కలోకే రాదు. ఉదాహరణకు జర్మన్ల ట్యుటానిక్ నైట్ ఉన్నాడు. ఇనుములో ముంచి తీసినట్టుంటాడు. పైమెట్టు నైట్‌కి ప్రాణం 100, దగ్గరి దెబ్బలకు కవచం 10. చాంపియన్ అనే కత్తివీరుడి దాడి 13. ఇతరత్రా మెరుగుల్ని పక్కనపెడితే, మామూలు చాంపియన్ దెబ్బ ఒక్కోటి మూడే. అంటే నైట్‌ని పడగొట్టడానికి 34 దెబ్బలు. ద్రావిడ చాంపియన్‌కి? ఎనిమిది చాలు!

అబ్బో, ఇంకేం... మనదే రాజ్యం అనుకుంటున్నారా? ఆగండి. అదే చాంపియన్ కవచం లేని పనివాడి మీద పడితే ఉక్కు ఉన్నా పదమూడే, లేకున్నా పదమూడే. ఎదుటివాడు కవచాలు తొడిగితేనే మన ఉక్కుకు విలువ. తొడగనివాడి మీద ఈ వరం సున్నా. ఇక విలుకాళ్లొచ్చారనుకోండి, వాళ్లు దూరం నుంచే బాణాలేసి వెనక్కి పరిగెడుతుంటారు. కాలినడకన వెళ్లే మన వీరుడి కత్తి ఎంత పదునైనదైనా, తగిలితేగా! అన్నిటికీ మించి, ఈ విద్య దొరికేది చివరిదైన ఇంపీరియల్ యుగంలో. నిపుణుల మధ్య ఎన్నో పోటీలు అంతకుముందే తేలిపోతాయి. వూట్జ్ స్టీల్ చూసి ద్రావిడుల్ని ఎంచుకున్నవాడు, ఉక్కు కరిగేలోపే ఊరు ఖాళీ చేయాల్సి రావచ్చు.

ద్రావిడుల అసలు లోటు గుర్రం. మిగతా చాలా పక్షాలకు నైట్ అనే బలమైన ఆశ్వికుడుంటాడు. వేగంగా వెళ్లి, కొట్టి, తిరిగొచ్చేస్తాడు. ద్రావిడులకు అతను లేడు. ఉన్నవి తేలిక గుర్రాలు, పైన మెల్లగా నడిచే యుద్ధపుటేనుగులు. అందుకే 'అరేబియా' అనే మ్యాప్‌లో, అడ్డూ ఆపూ లేని మైదానంలో, ఈ పక్షం బలహీనమైనదని విడుదలైన కొత్తల్లోనే ఆటగాళ్లు తేల్చేశారు. తర్వాత కొన్ని మెరుగులు దిద్దినా ఆ పేరు పూర్తిగా పోలేదు.

ఇక్కడే ఓ ప్రశ్న. ఆట తయారుచేసినవాళ్లు గుర్రం ఇవ్వకపోవడం అన్యాయమా? చరిత్ర తిరగేస్తే వాళ్ల పక్షానా ఒక మాట ఉంది. దక్షిణాదిలో మేలుజాతి గుర్రాలు పెరిగేవి కావు. పాండ్యుల రేవుల్లో ఓడల నిండా గుర్రాలు దిగేవని మార్కోపోలో రాశాడు. విజయనగర రాజులు గుర్రాల కోసం అరబ్బులతో, తర్వాత పోర్చుగీసులతో బేరాలాడారు. గుర్రం కొనుక్కోవాల్సిన సరుకు, ఏనుగు మనింటి సొత్తు. ఆ లెక్కన తీర్పు సబబే. కానీ కొన్న గుర్రమైనా గుర్రమే కదా! విజయనగర సైన్యంలో ఆశ్వికదళానికి ఎంత పెద్దపీట వేశారో అదే చరిత్ర చెబుతోంది. 'రాజులు బంగారం పోసి తెచ్చుకున్నారు, నేనూ ఆటలో బంగారం పోస్తాను, నాకూ ఇవ్వండి' అని ఒక తెలుగు కుర్రాడు అడిగితే కాదనడానికి గట్టి కారణం నాకైతే కనబడలేదు. కానీ అలా అడిగిన ప్రతివాడికీ అడిగిందల్లా ఇస్తూపోతే చివరికి అన్ని పక్షాలూ ఒకేలా తయారవుతాయి. అప్పుడది పులిజూదం కాదు, మళ్లీ చదరంగమే.

అన్నట్టు, ద్రావిడులకు వేరే వరాలూ ఉన్నాయి. యుగం దాటిన ప్రతిసారీ 200 కలప ఉచితం. చేపలు పట్టేవాళ్లూ, చేపల పడవలూ మామూలుకన్నా 15 ఎక్కువ మోస్తాయి. రేవు కడితే అందులో అయిదుగురికి చోటు... అంటే రేవే ఒక ఇల్లు. చోళుల నౌకాబలాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చారన్నమాట. ఇప్పుడు వీళ్లని నీళ్లున్న మ్యాప్‌లో దించండి. రేవు ఖరీదు 150 కలప. రెండో యుగంలోకి అడుగుపెట్టగానే వచ్చే 200తో రేవు కట్టగా ఇంకా 50 చేతిలో ఉంటుంది. ఎదుటివాడు కలప కొట్టుకొచ్చేలోపు ఇక్కడ పడవ తయారవుతుంటుంది. మైదానంలో నవ్వులపాలైన పక్షమే నీళ్లమీద పేరున్న పక్షాల్లో చేరుతుంది. చెపాక్‌లో చుక్కలు చూపించే స్పిన్నర్ పెర్త్‌లో తేలిపోతే, వాడు మంచి బౌలరా కాదా? పిచ్ చెప్పకుండా జవాబు అడిగితే ఎలా!

బొమ్మా, బొరుసా?

'ఇంత గొడవెందుకు, ఏ పక్షం ఎన్నిసార్లు గెలిచిందో లెక్క తీస్తే సరి' అనిపించవచ్చు. ఇంటర్నెట్‌లో ఆడే ప్రతి ఆటా నమోదవుతూనే ఉంటుంది కదా. నిజమే, తీస్తారు కూడా. కానీ ఆ అంకెలు చదవడంలోనే ఉంది మర్మమంతా.

మొదటి గోతి, తక్కువ ఆటలు చూసి తీర్పివ్వడం. ఏ మోసమూ లేని నాణేన్ని వందసార్లు ఎగరేస్తే బొమ్మ 55 సార్లు పడటం వింతేమీ కాదు, 45 సార్లు పడటమూ అంతే. కాబట్టి వంద ఆటల్లో 55 గెలిచిన పక్షాన్ని 'బలమైనది' అనడానికి వీల్లేదు. పదివేల ఆటల్లో 5,500 గెలిస్తే మాత్రం అక్కడేదో ఉన్నట్టే. మీ అబ్బాయి నాలుగాటలు వరసగా ఓడి 'ఈ సివ్ వేస్ట్' అన్నాడంటే... నాణెం నాలుగుసార్లు బొరుసు పడిందంతే కావచ్చు. (సివ్ అంటే సివిలైజేషన్. పిల్లల భాషలో పక్షం.)

రెండో గోతి ఇంకా లోతైనది. ఎవరు ఆడారన్నది. చైనీయులకు 1999 నుంచీ ఒక విచిత్రమైన వరముంది. అందరికన్నా ముగ్గురు పనివాళ్లు ఎక్కువతో మొదలుపెడతారు, ఆహారం, కలప మాత్రం తక్కువ. కూలీలున్నారు, గాదెలో గింజల్లేవు. మొదటి నిమిషంలోనే అందర్నీ తలో పనికీ తడబడకుండా పంపించగలవాడికి ఇది బంగారుబాతు. అలవాటులేనివాడు ఆ మొదటి నిమిషంలోనే తికమకపడి, టౌన్‌సెంటర్ ఖాళీగా ఉండగా ఎవర్ని ఎక్కడికి పంపాలో వెతుక్కుంటూ ఉంటాడు. అందుకే నిపుణులు దశాబ్దాలుగా నెత్తిన పెట్టుకున్న ఈ పక్షం కొత్తవాళ్ల చేతిలో చతికిలపడుతుంది. గోత్‌లది సరిగ్గా దీనికి తలకిందులు. వాళ్ల కాల్బలం చవక, చివర్లో పుట్టల్లోంచి చీమల్లా పుట్టుకొస్తుంది. ఒక రకంగా మన పులిజూదం మేకలే. దాన్ని ఆపాలంటే ముందే వెళ్లి కొట్టాలి. గోత్‌లకు రాతిగోడ కట్టే వీలే లేదు. ఆ సంగతి తెలిసి త్వరగా మీదపడేవాళ్ల మధ్య గోత్‌లకు గడ్డుకాలం. అది చేతకాక తీరిగ్గా కోటలు కట్టుకునేవాళ్ల మధ్య వాళ్లే మారాజులు.

కాబట్టి 'చైనా స్ట్రాంగా?' అన్న ప్రశ్నకు 'ఎవరి చేతిలో?' అన్నదే మొదటి జవాబు.

ఇంకోటీ ఉంది. ఈ ఆటల్లో సమఉజ్జీలనే ఎదురెదురు కూర్చోబెడతారు. చదరంగం కోసం అర్పాద్ ఎలో అనే ప్రొఫెసర్ కనిపెట్టిన రేటింగ్ పద్ధతినే ఇక్కడా వాడతారు. గెలిస్తే రేటింగ్ పెరిగి ఇంకా గట్టివాడు ఎదురవుతాడు, ఓడితే తగ్గి మెత్తనివాడు దొరుకుతాడు. బలహీనమైన పక్షాన్నే పట్టుకుని వేలాడేవాడు కొన్నాళ్లకు తన స్థాయికన్నా కిందకు జారి, అక్కడ సగానికి సగం గెలుస్తూ కనిపిస్తాడు. లెక్క చూసేవాళ్లకు ఆ పక్షం నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది!

నేలనే మార్చేశారు

బలాబలాల తూకంలో అందరూ చెప్పుకునే ఇంకో ఆట 'స్టార్‌క్రాఫ్ట్'. 1998లో వచ్చింది. పక్షాలు మూడే... మనుషుల టెర్రాన్, మిడతల దండులాంటి జెర్గ్, సంఖ్యలో తక్కువైనా ఒక్కొక్కరూ మహా బలశాలులైన ప్రొటాస్. దక్షిణ కొరియాలో ఈ ఆట మనకు క్రికెట్‌లా అయిపోయింది. టీవీలో ప్రసారాలు, జీతాలిచ్చి పోషించే జట్లు, వేలల్లో ప్రేక్షకులు. ఒక పక్షం కాస్త బలంగా ఉందంటే అవతలివాడి ఉద్యోగమే పోతుంది. సరదా సంగతి కాదు.

2001లో కంపెనీ కొన్ని సవరణలు చేసింది. వాటిలో ఒకటి జెర్గ్‌ల సైనికుల్ని పుట్టించే మడుగు ధరను 150 ఖనిజాల నుంచి 200కు పెంచడం. కేవలం యాభై! కానీ ఆ యాభై పోగయ్యే కాస్త సమయమే ఎదుటివాడికి మొదటి దాడిని తట్టుకునే ఊపిరి. ఆ సవరణల తర్వాత కంపెనీ ఆట బలాబలాల జోలికి దాదాపుగా పోలేదు. మరి ఆ తర్వాత ఎవరైనా మరీ చెలరేగిపోతే? కొరియా వాళ్లు కత్తిని ముట్టుకోకుండా నేలను మార్చారు. పోటీలకు కొత్త మ్యాప్‌లు గీస్తూ, ఇక్కడ దారి కాస్త ఇరుకు, అక్కడ గని కాస్త దూరం, రెండు స్థావరాల మధ్య ఇంకొంచెం నడక... ఇలా సర్దుతూ తూకం నిలబెట్టారు. టెర్రాన్‌లది బలహీన పక్షమన్న మాట బలంగా వినిపించిన రోజుల్లోనే లిమ్ యో-హ్వాన్ అనే కుర్రాడు, అదే టెర్రాన్‌లతో 2001లో పెద్ద లీగ్‌ను రెండుసార్లు గెలిచేశాడు. సైనికుల్ని విమానాల్లో ఎక్కించి శత్రువు పెరట్లో దించి, మళ్లీ ఎక్కించుకుపోయే అతని పద్ధతి చూసి మిగతావాళ్లు నేర్చుకున్నారు. ఆడే పద్ధతి మారడంతోనూ ఒక పక్షం బలపడింది.

కోత పెడితే కోపం

బలమెక్కువైన వరాన్ని తగ్గించడాన్ని ఆటగాళ్లు 'నెర్ఫ్' అంటారు. మెత్తటి నురగ గుళ్లు పేల్చే పిల్లల బొమ్మ తుపాకుల బ్రాండు పేరది. నిజం తుపాకీ లాక్కుని బొమ్మది చేతిలో పెట్టినట్టు అని వెక్కిరింత. పెంచడాన్ని 'బఫ్' అంటారు. బఫ్ చేస్తే ఎవరూ థాంక్స్ చెప్పరు, నెర్ఫ్ చేస్తే మాత్రం ఆగ్రహావేశాలే.

ద్రావిడులతోపాటే వచ్చిన గుర్జరులు అందుకు ఉదాహరణ. గొర్రెల్ని మిల్లులో కట్టేసి వాటితో ఊరికే ఆహారం పుట్టించుకోవడం, బాణాల్ని తప్పించుకుపోయే శ్రీవంశ ఆశ్వికులు... 2022లో దిగీదిగగానే మైదానాన్ని దున్నేశారు. తర్వాత విడతలు విడతలుగా కోత పడింది. ఇదంతా డబ్బు పెట్టి కొనుక్కున్న అదనపు భాగంలోది. కొత్తగా అమ్మే పక్షం అందరికన్నా బలంగా ఉందంటే 'అమ్ముకోవడానికే ఇలా చేశారు' అన్న అనుమానం రావడం సహజం. ఎక్కువైపోయిన బలాన్ని తర్వాతైనా అందరి ముందూ తగ్గించడం మంచి అలవాటే. కొన్ని మొబైల్ ఆటలు మరీ దారుణం. అక్కడ బలాన్నే రూపాయల్లెక్కన అమ్ముతారు. ఏ పక్షం గొప్పదన్న చర్చకే చోటుండదు, ఎవరి నాన్న కార్డు గొప్పదన్నదే లెక్క. పిల్లలు ఏదైనా ఆటలో 'ఇది కొంటే గెలుస్తా' అన్నారంటే, ఆ కొనే వస్తువు కొత్త వేషమా, కొత్త బలమా అని ఒక్కసారి అడిగి చూడండి. వేషమైతే ముచ్చట. బలమైతే వచ్చేనెల ఇంకోటి కొనాల్సిందే.

పెద్ద పోటీల్లో తూకం బాధ్యతను సగం ఆటగాళ్లకే వదిలేస్తారు. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో జరిగిన 'రెడ్‌బుల్ వొలోలో: లెగసీ' లాంటి టోర్నీల్లో ఆటకన్నా ముందు ఎంపిక ఘట్టం నడుస్తుంది. నువ్వు కొన్ని పక్షాల్ని నిషేధించు, నేను కొన్ని నిషేధిస్తా, మిగిలినవాటిలో చెరొకటీ ఏరుకుందాం. మరీ బలమైనదాన్ని ఎలాగూ ఎవరో ఒకరు కొట్టేస్తారు. ఏది నిషేధానికి గురవుతోందో చూస్తే చాలు, ఆ మ్యాప్‌లో నిపుణులు దేనికి భయపడుతున్నారో తెలిసిపోతుంది. గెలుపు శాతాలకన్నా నాకు నమ్మకంగా అనిపించే లెక్క అదే. మాటల్లో ఎవరైనా ఏమైనా అంటారు, ఓడితే బహుమతి పోయేచోట వేలు ఎటు చూపిస్తారన్నదే అసలు అభిప్రాయం.

ఇంట్లో ఇద్దరు పిల్లలుండి, రోజూ ఇదే గొడవైతే ఒక చిట్కా ఉంది. మ్యాప్ మార్చకుండా పక్షాలు మార్చి ఆడించండి. అయిదాటలు ఇటు, అయిదాటలు అటు. రెండువైపులా ఒకడే గెలిస్తే తేడా పక్షంలో ఉన్నట్టు కాదు. ఎవరు పట్టుకున్నా ఆ పక్షమే గెలుస్తుంటే, అప్పుడు 'నాది వీకు' అన్న ఫిర్యాదును కాస్త చెవిన పెట్టొచ్చు. పది ఆటలతో తేలకపోతే... నాణెం సంగతి పైన చెప్పుకున్నాం, ఇంకో పది.

అదీ కుదరకపోతే చదరంగం వాళ్లు వాడే వేలంపాట ఉంది. ఎంతకీ ఫలితం తేలని మ్యాచ్‌లో చివరాఖరికి ఆడే ఆటను ఆర్మగెడాన్ అంటారు. అందులో డ్రా అయితే నల్లపావులవాడు గెలిచినట్టే. అది పెద్ద వరం కదా, మరి ఆ వరం ఖరీదెంత? 2023 చాంపియన్స్ చెస్ టూర్‌లో ఆ ధరను ఆటగాళ్లనే చెప్పమన్నారు. నల్లపావులిస్తే ఎన్ని నిమిషాల్లో ఆడగలవో ఇద్దరూ ఎవరికి వారు గుట్టుగా రాసివ్వాలి. పది నిమిషాలు చాలని ఒకరు, తొమ్మిదే చాలని ఇంకొకరు అంటే నల్లపావులు రెండోవాడివి, చేతిలో ఉండేదీ ఆ తొమ్మిదే. తక్కువ సమయంతో తంటాలు పడ్డాక 'నాకు వీక్ సైడ్ ఇచ్చారు' అనడానికి లేదు. ధర కట్టింది తనే.